వంక చెప్పాలంటే వీధిలోకి

చంటిపిల్లను ఊపే ఎనిమిదిన్నర వేల రూపాయల తొట్టెలను కొనకుండా తప్పించుకోవడానికి పంతొమ్మిది వేలు పోసి పాత ఖరాదు మిషను కొన్న మొనగాడు జనగామ మొత్తంలో నేనొక్కడినే. నా తర్వాత ఎవరైనా కొన్నారేమో తెలియదు కానీ, నాకంటే ముందు మాత్రం ఎవరూ కొనలేదు. అదీ ఎట్లా కొన్నాను? ఇరవై ఎనిమిది వేలు చెప్పిన మిషనును తొమ్మిది వేలు తగ్గించి కొన్నాను. మామూలు మనిషి రెండో మూడో తగ్గించుకుని, గెలిచానని ఇంటికి పోతాడు. నేను తొమ్మిది తగ్గించాను. తీరా దుకాణం వెనక గోదాములో దించి స్విచ్చి వేస్తే అది తిరగలేదు, గంతులేసింది. అది వేరే సంగతి.

ఖరాదు మిషనంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. కర్రను రెండు మొనల మధ్య బిగించి గిర్రున తిప్పుతుంటే, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతారు. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, బొంగరాలు, తొట్టెల చువ్వలు దాని మీదే తయారవుతాయి. మా వంశంలో ఎవరూ దాన్ని ముట్టలేదు. తాతది ఉప్పు, చింతపండు వ్యాపారం. నాయినది కిరాణం. నాది కిరాణంతో పాటు ప్లాస్టిక్ సామాను. మా ఇంట్లో చిన్నప్పుడు ఇంకో రెండు లడ్డూలు కావాలని అడిగితే మా అవ్వ "ఒకటి" అనేది. మేం "ఒకటిన్నర" అనేవాళ్లం. అట్లా పెరిగిన వాడిని.

మొన్న దంతాలపల్లి నుంచి ఒకాయన ఆ మిషను చూడటానికి వచ్చాడు. అమ్ముతానని నేనెక్కడా అనలేదు. గోదాములో ఊరికే పడి ఉందని ఎవరో చెప్పారట. చుట్టూ తిరిగాడు, ముక్కు చిట్లించాడు, వేలితో గోకాడు. "గిదేంది సేటు, అంత తుప్పు పట్టి..." అని మొదలుపెట్టాడో లేదో, నా చెయ్యి పోయి ఆయన మోచేయి పట్టుకుంది. గోదాము దాటించి, దుకాణం దాటించి, వీధిలోకి తీసుకుపోయి చాయ్ బండి దగ్గర నిలబెట్టాను.

"ఇప్పుడు చెప్పన్నా" అన్నాను.

"ఏం చెప్పాలె?"

"తుప్పు సంగతి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పద్నాలుగు వేలు ఇస్తానన్నాడు, అమ్మనన్నాను, వెళ్లిపోయాడు. నేను మాత్రం చాయ్ చేతిలో పట్టుకుని అక్కడే ఉండిపోయాను. మనిషిని మోచేయి పట్టి వీధిలోకి తీసుకుపోవడం నా అలవాటు కాదు. అది మానుకోట పెద్దాయన అలవాటు. ఆయన పోయింది ఈ వానాకాలంలోనే. అలవాటు మాత్రం నా దగ్గర మరచిపోయి వెళ్లినట్టున్నాడు.

ఆయన దగ్గరికి రావాలంటే ముందు నా తెలివి సంగతి చెప్పాలి.

రెండేళ్ల కిందట మా బిడ్డ కాన్పుకు ఇంటికి వచ్చింది. పుట్టబోయే పిల్లకు ఇరవై ఒకటో రోజున తొట్టెల వేయాలి. తొట్టెల తల్లిగారింటి నుంచే పెట్టాలి. హనుమకొండలో ఒక పెద్ద దుకాణానికి పోయాం. నేను, నా భార్య, వియ్యపురాలు. చువ్వలన్నీ గుండ్రంగా చెక్కిన తొట్టెల ఒకటి బాగుంది. బాగుంది కాబట్టి ముఖం ముడుచుకుని ధర అడిగాను. కౌంటరు దగ్గరి పిల్లగాడు తలెత్తకుండా గోడ మీది బోర్డు చూపించాడు. "ఒకటే ధర."

ధర ఎక్కువని నాకు బాధ లేదు. వాడు తలెత్తలేదు, అదీ బాధ. తిట్టినా ఓర్చుకుంటాను కానీ బేరానికి రాకపోతే ఓర్చుకోలేను. అక్కడే, వియ్యపురాలి ఎదుటే అనేశాను: "మనం కొనుడేంది వదినె? నేనే మిషను తెచ్చి, నా గోదాములనే చేయిస్త. ఇరవై ఒక్కటో రోజు నువ్వే వచ్చి చూడు."

ఆమె నవ్వింది. "చూస్త అన్నా" అంది. ఆ "చూస్త"లో ఏముందో వ్యాపారస్తుడికి వేరే చెప్పక్కర్లేదు.

భూపాలపల్లిలో ఒక పటేలు తన కోతమిల్లు మూసేసి సామాను అమ్ముతున్నాడని విని పోయాను. భూములున్న మనిషి, మాటకు విలువిచ్చే మనిషి, అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. అంటే నాలాంటి వాడికి పండుగ. మిషను గురించి నాకేమీ తెలియదు. తెలియని వస్తువుకు వంక పెట్టాలంటే మా ఇంటి పద్ధతి ఒకటుంది: అందులో అన్నిటికంటే పాతగా కనిపించేదాన్ని పట్టుకోవాలి. మిషను ఎడమవైపు తలకాయలాంటి పెట్టె ఉంటుంది. అందులో ఇరుసు, ఆ ఇరుసు చుట్టూ పిడికిలంతేసి రెండు కంచు గొట్టాలు. వాటిని బుష్షులంటారని కూడా అప్పుడు నాకు తెలియదు.

"గివేంది పటేలా, తాతల నాటి గొట్టాలు? ఇప్పుడు ఎవరన్న వీటిల తిప్పుతరా? బేరింగులు లేని మిషను గూడ మిషనేనా?"

పటేలు ముఖం ఎర్రబడింది. "సేటూ, మా ఇంటి వస్తువుకు ఇప్పటిదాక ఎవరు పేరు పెట్టలె."

నేను వదల్లేదు. ఆ గొట్టాల మీదే గంటసేపు నిలబడ్డాను. తొమ్మిది వేలు రాలాయి. నాలుగు రోజులాగి పంపుతానన్నాడు. బండి దొరకాలేమో అనుకున్నాను. ఐదో రోజు పొద్దున ఫోను చేశాడు.

"సేటూ, నువ్వు పెట్టిన వంక తీసేసిన. గొట్టాలు పీకేయించి కొత్త బేరింగులు వేయించిన. పైస గూడ నీకు పడదు. ఆకుపచ్చ రంగు గూడ కొట్టించిన. ఇగ మా వస్తువు మీద మాట రావద్దు."

ఆ రోజు నా గర్వం చూడాలి. అమ్మినవాడే తన ఖర్చుతో బాగుచేసి పంపుతున్నాడని బజారులో నలుగురికి చెప్పాను. నా భార్య ఒక్కతే, "తొట్టెల తెమ్మంటె గిదేం తెచ్చిన్రు?" అంది.

బేరింగులు ఆ పెట్టెకు సరిపోలేదు. మెకానిక్కు చుట్టూ రేకు ముక్కలు కుక్కి బిగించాడు. స్విచ్చి వేస్తే ఇరుసు ఒక్కో చుట్టుకు ఒక్కో దారిన పోయేది. మా ఊరి వడ్రంగి చూసి, పాత ఇనుపకొట్టుకు వేసేయమన్నాడు. ఇంతలో డాక్టరు చెప్పిన తేదీకంటే పది రోజులు ముందే మనవరాలు పుట్టేసింది. పుట్టిన పదో రోజున ఆ వడ్రంగే నా ముఖం చూసి జాలిపడి, "మానుకోటల ఒక ముసలాయన ఉన్నడు సేటు. మంచం కోళ్లు తీసేటోడు. దినం కూలి ఎనిమిది వందలు" అన్నాడు. తొట్టెలకు ఇంక పదకొండు రోజులే ఉన్నాయి.

ఆయన ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. నేను పోయేసరికి వాకిట్లో కూర్చుని ఇనుప మంచానికి నవారు అల్లుతున్నాడు. జీవితమంతా చెక్క కోళ్లు తీసిన మనిషి, ఇనుప మంచాలొచ్చాక వాటికి నవారు అల్లి బతుకుతున్నాడు. ఆ సంగతి ఆయన చెప్పుకోలేదు, వాకిట్లోనే కనిపించింది. ఆయన భార్య చాయ్ తెచ్చింది. ఆయన సాసరు అందుకున్నప్పుడు చూశాను: చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి. చాయ్ అంచుదాకా వచ్చి వెనక్కి పోతోంది.

నాకు దారి దొరికింది. పాత గొట్టాలు దొరికినట్టే.

"ఎనిమిది వందలని విన్న పెద్దాయనా. చేతులేమొ గిట్ల వణుకుతున్నయి. ఉలి ఎట్ల ఆగుతది? ఐదు వందలు అనుకుందం."

ఆయన సాసరు కింద పెట్టాడు. చేతులు తిప్పి, అరచేతుల వైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి చూసుకున్నాడు. ఎవరో కొత్తగా తెచ్చి ఇచ్చిన వస్తువుల్లా చూశాడు.

"నిజమే సేటు. వణుకుతయి. ఐదు వందలే."

నేను కంగు తిన్నాను. ఆయన ఏడున్నర అనాలి. నేను ఐదున్నర అనాలి. లేచి వాకిలి దాటాలి. ఆయన వెనక్కి పిలవాలి. ఆరు వందల దగ్గర ఇద్దరం నిట్టూర్చాలి. ఇన్ని మెట్లున్న బేరాన్ని ఆయన ఒక్క అడుగులో దిగేశాడు. గెలిచాననే సంతోషం కూడా సరిగా రాలేదు. గడపలో నిలబడ్డ ఆయన భార్య నన్ను చూడలేదు. ఆయన చేతులను చూస్తోంది.

మర్నాడు పొద్దుటి రైలుకు దిగాడు. తెల్ల ధోతి, భుజాన తువ్వాల, పాత లుంగీ ముక్కలో చుట్టిన మూడు ఉలులు. గోదాములోకి వచ్చి మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇరుసును చేత్తో తిప్పి చెవి ఆనించాడు.

"చాయ్ తాగుదమా సేటు?"

"ఇక్కడికే తెప్పిస్త."

"బయట తాగుదం."

నా మోచేయి పట్టుకున్నాడు. చాయ్ బండి దగ్గర ఆగలేదు. ముందుకు నడిచాడు. మార్కెట్టు దాటాం. స్టేషను దాకా వచ్చేశాం. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాక మెల్లగా అన్నాడు: "దాని బుష్షులు ఎవరో పీకేసిన్రు సేటు. గవి లేకుంటె అది ఉత్త ఇనుము."

"ఈ మాట చెప్పనీకి స్టేషను దాక రావాల్నా?"

"దాని ముంగట ఎట్ల చెప్త?"

నేను పెద్దగా నవ్వాను. "ఇనుముకు చెవులుంటయా?"

"ఇనుముకు ఉండయి. చెప్పేటోనికి ఉంటయి గద. పొద్దుగాల్ల లేచి వస్తువును తిట్టి, అదే వస్తువు మీద పొద్దంత పనిచెయ్యాలంటె చెయ్యి దాని మీద ఆగది. నా ముచ్చట చెప్తున్న సేటు, నీది నాకు తెల్వది."

ఆ పదకొండు రోజుల్లో ఆయన కొలతలు నాకు పట్టుబడ్డాయి. తప్పు ఎంత పెద్దదైతే అంత దూరం నడిపిస్తాడు. నేను తెచ్చిన వేప మొద్దుల్లో ఒకదానికి ముడి ఉంటే చాయ్ బండి దాకా. మోటారు కాయిల్ కాలిపోయిందని చెప్పడానికి మార్కెట్టు దాకా. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ మధ్యలో లేచి, నన్ను గడప దాకా రమ్మని సైగ చేసి, చెవిలో "పప్పుల జర ఉప్పెక్కువైంది" అన్నాడు. మళ్లీ పోయి ఆ పప్పే వేసుకుని తిన్నాడు. మెప్పు మాత్రం ఎదుటే. బెల్టు సరిగా కూర్చుంటే బెల్టుతోనే "మంచిగ కూసున్నవ్" అనేవాడు. గోదాములో బస్తాలు మోసే మా హమాలీ మొదట్లో నవ్వేవాడు. వారం తిరగకముందే వాడు కూడా నా మీద ఫిర్యాదులు చెప్పడానికి చాయ్ బండి దాకా పోతున్నాడని తెలిసింది.

బుష్షుల కోసం పటేలుకు ఫోను చేశాను. "నీకు నచ్చలేదంటివి గద సేటు! మెకానిక్కుకే ఇచ్చేసిన. టేకుమట్లల ఉంటడు" అన్నాడు. పెద్దాయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. ఫోను పెట్టేశాక అడిగాడు.

"బుష్షులు నచ్చలేదని ఎందుకన్నవ్?"

"రేటు కోసం."

"అంటె మంచిగనే ఉండెనా?"

"నాకేం తెలుసు! పాతగ కనబడ్డయి."

ఆయన ఆ రోజు సాయంత్రం చాయ్ ఒక్కడే తాగాడు.

ఇద్దరం కలిసి టేకుమట్లకు బస్సులో పోయాం. మెకానిక్కు ఇంట్లో ఒక బుష్షు పనిముట్ల డబ్బాలో దొరికింది. రెండోది వాళ్ల అమ్మ నిమ్మకాయ పచ్చడి జాడీ మూత మీద బరువుగా పెట్టింది. పెద్దాయన ఆ రెంటినీ తువ్వాలతో తుడిచి, లోపల వేలు పెట్టి తిప్పి, "దినాం నూనె తాగిన కంచు. అద్దం తీరుగున్నది" అన్నాడు. అంతా వాటి ఎదుటే, మెకానిక్కు ఎదుటే! కొనబోయే వస్తువును అమ్మేవాడి ముందు పొగడటం మా ఇంట్లో ఏ తరంలోనూ జరగలేదు.

"ఒక్కోటి ఏడు వందలు" అన్నాడు మెకానిక్కు. పొగడకముందు నాలుగు వందలకు ఇచ్చేవాడు, నాకు తెలుసు.

"ఇగో, అంచుల పొంట అరిగి..." అని నేను నోరు తెరిచాను. పెద్దాయన దగ్గాడు. దగ్గి, నా మోచేయి పట్టుకుని జామచెట్టు దాటించాడు.

"ఏందో చెప్తున్నవ్ గద సేటు. గిక్కడ చెప్పు."

ఏం చెప్పాలి? అక్కడ వినడానికి బుష్షులు లేవు, మెకానిక్కు లేడు. అమ్మేవాడు వినని వంక దేనికి పనికొస్తుంది? లోపలికి పోయి పద్నాలుగు వందలు లెక్కపెట్టి ఇచ్చాను. పుట్టి బుద్ధెరిగాక మారు మాట్లాడకుండా డబ్బిచ్చిన రోజు అదే. మెకానిక్కు అమ్మ కూడా అనుమానంగా చూసింది. ఆమె జాడీ మీదికి ఒక రాయి వెతుక్కోవలసి వచ్చింది.

బుష్షులు కూర్చున్నాయి. మోటారు కొత్త కాయిల్ చుట్టించుకుని వచ్చింది. ఆకుపచ్చ రంగును పెద్దాయనే గీకేశాడు. ఆయన వచ్చిన ఎనిమిదో రోజు సాయంత్రం స్విచ్చి వేస్తే ఇరుసు తిరుగుతోందో ఆగి ఉందో తెలియలేదు. ఆయన మిషను తలపెట్టె మీద అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు పెట్టాడు. నీళ్లు కదల్లేదు.

"మంచిగున్నవ్" అన్నాడు దానితో.

"ఇగ మొదలుపెట్టు పెద్దాయనా. మూడు రోజులే ఉన్నయి. నాలుగు కోళ్లు, ఇరవై చువ్వలు."

ఆయన ఉలి తీసుకోలేదు. "చాయ్ తాగుదమా సేటు?" అన్నాడు.

నడిచాం. చాయ్ బండి పోయింది. మార్కెట్టు పోయింది. స్టేషను కూడా పోయింది. పట్టాల పక్కనే నడుస్తూ రైల్వే గేటు దాకా వచ్చేశాం. అంత దూరం ఎన్నడూ రాలేదు. అక్కడ ఆగి, తువ్వాలను రెండు చేతుల చుట్టూ చుట్టుకున్నాడు. వాటికి వినపడకూడదన్నట్టు.

"నా చేతులు వణుకుతయి సేటు. నువ్వే చూసినవ్. మిషను బాగుచేసిన. ఉలి మాత్రం నేను పట్ట. ఇంకెవరినన్న చూసుకో."

"మూడు రోజులల్ల ఎవరిని చూడాలె? నేనేదో రేటు కోసం అన్న పెద్దాయనా!"

"బుష్షులను గూడ రేటు కోసమే అంటివి. గవి టేకుమట్ల పోయినయి."

గేటు పడింది. గూడ్సు బండి ఒకటి పోయింది. పెద్ద బండి. చివరి డబ్బా దాకా లెక్కపెట్టాను.

"మరి తెచ్చినం గద వాటిని" అన్నాను చివరికి.

"ఎట్ల తెచ్చినవ్?"

"నోరు మూసుకొని తెచ్చిన."

"ఊఁ" అన్నాడు. తువ్వాల అట్లాగే చుట్టుకుని గోదాముకు తిరిగి నడిచాడు.

నోరు మూసుకుంటే ఈసారి సరిపోదని నాకు అర్థమైంది. అన్న మాటను ఎక్కడ అన్నానో అక్కడికే పోయి తీసేయాలి. చేతుల ఎదుట అన్నాను, చేతుల ఎదుటే తీసేయాలి. గోదాములో హమాలీ ఉన్నాడు. బాలింతకు మిరియాలు తీసుకుపోవడానికి వచ్చిన నా భార్య ఉంది. నేను మిషను ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను. యాభై ఆరేళ్ల మనిషిని. పొగడటం ఎట్లా మొదలుపెడతారో తెలియదు.

"గిసొంటి చేతులు జనగామల లేవు" అన్నాను.

"జనగామల ఖరాదోళ్లే లేరు సేటు" అన్నాడాయన.

హమాలీ నవ్వాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. నాకు తెలిసిన భాష ఒక్కటే, ధర. "గీ చేతులకు ఐదు వందలు తక్కువ. ఎనిమిది వందలు గూడ తక్కువే. వెయ్యి పెట్టినా నష్టం లేదు. నేను అబద్ధమాడి తగ్గించిన. నా నోరు మంచిది గాదు, గీ చేతులు మంచియి."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లలో నేను ఒక వస్తువు ధర పెంచడం ఆమె చూడలేదు.

ఆయన తువ్వాల విప్పాడు. "అట్లనా" అన్నాడు, నాతో కాదు, చేతులతో. "ఇన్నరా?" అన్నాడు.

"కూలి ఎనిమిది వందలే ఇస్త పెద్దాయనా."

"పొగిడినందుకు పైసలు తీసుకుంటరా సేటు? ఐదు వందలకు ఒప్పుకున్న. నీ మాట నువ్వు ఎనకకు తీసుకున్నవ్. నా మాట నేను తీసుకోను."

ఉలి తీశాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఏమీ ఆగలేదు. ఉలి పిడిని పక్కటెముకల కింద, నడుముకు ఆనించి నొక్కిపెట్టాడు. కాళ్లు ఎడంగా పెట్టాడు. కర్ర తిరుగుతుంటే చేతులను కదపలేదు. మనిషే మొత్తంగా, వరిమడి గాలికి ఊగినట్టు, ఎడమ నుంచి కుడికి ఒరిగాడు. ఉలి నుంచి వేప చెక్క రిబ్బనులా లేచి ఆయన భుజం మీద పడింది. చేదు వాసన. చువ్వ మీద ఒక్క గీత లేదు.

నేను నోరు తెరుచుకుని చూశాను. "మరి వణుకు ఏడ పోయింది?"

"ఏడికి పోలె. చేతులల్లనే ఉన్నది. కోసేది చెయ్యి గాదు సేటు, నడుము. చెయ్యి ఊకె పట్టుకుంటదంతే."

"గీ మాట మానుకోటల్నే చెప్తే అయిపోవు గద!"

"నువ్వు చేతులకు రేటు కట్టినవ్. నడుమును అడగలె."

మూడు రోజులు ఆ మనిషి నడుముతోనే పనిచేశాడు. ఇరవై చువ్వలకూ లక్క పట్టించాడు. చివరి చువ్వ తీసేసరికి అలసిపోయాడు. దాని మధ్యలో సన్నటి అలలు పడ్డాయి. నన్ను గడప దాకా తీసుకుపోయి ఆ సంగతి చెప్పాడు. గడప దాకానే కాబట్టి పెద్ద తప్పు కాదని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. పిల్ల తలవైపు పెట్టమన్నాడు, అక్కడైతే చిన్న చేతికి పట్టు దొరుకుతుందట.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే దూలానికి తాళ్లు వేసి ఆయనే తొట్టెల వేలాడదీశాడు. వియ్యపురాలు వచ్చింది. చుట్టూ తిరిగింది. ముఖం ముడుచుకుంది. నచ్చిందని నాకు అర్థమైంది. "అన్నా, జర వెడల్పు..." అని మొదలుపెట్టింది. మూల నుంచి దగ్గు వినిపించింది. నేను చేతులు జోడించాను.

"వదినె, నీకు దండం పెడత, జర బయటికి రా."

వాకిట్లోకి వచ్చాక ఆమె ఏదో అనబోయి ఆగింది. బయట నిలబడి చూస్తే అనడానికి ఏమీ కనిపించలేదేమో. "మంచిగుంది" అంది. లోపలికి పోయి మళ్లీ అదే మాట, ఈసారి అందరి ఎదుటా అంది. పిల్లను తొట్టెలలో వేసేటప్పుడు పెద్దాయన అక్కడ లేడు. మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు. ఉలుల మూట చంకలో పెట్టుకుని, మిషను మీద అరచెయ్యి ఒకసారి ఆనించి పోయాడని హమాలీ చెప్పాడు.

తర్వాత రెండు మూడు సార్లు ఫోను చేశాను. చపాతీ కర్రలు తీయడం నాకు నేర్పమని అడిగాను. "నడుము నొస్తది సేటు" అని నవ్వేవాడు. ఈ వానాకాలంలో చేస్తే కోడలు ఎత్తింది. "మామ పోయి నెలైంది" అంది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

దంతాలపల్లి ఆయన వచ్చి వెళ్లిన మర్నాడు మానుకోటకు పోయాను. వాకిట్లో నవారు సగం అల్లిన మంచం ఒకటి గోడకు నిలబెట్టి ఉంది. ఆయన భార్య గడపలోనే ఉంది. మూడు వేల మూడు వందలు ఆమె చేతిలో పెట్టాను.

"ఏం పైసలు?" అంది. "ఐదు వందల లెక్కన తెచ్చిండు గద ఆయన. నాకియ్యలేదనుకున్నవా?"

"గవి చేతుల కూలి అవ్వా. గివి నడుము కూలి."

ఆమె నవ్విందో, నోరు వంకర పోయిందో తెలియలేదు. కొంగున ముడి వేసుకుంది. "చాయ్ తాగు" అంది. ఇంట్లోనే తాగాను.

తిరుగు రైలులో కూర్చుని, ఇన్నాళ్లూ వేయకుండా తప్పించుకున్న లెక్క వేశాను. మిషను పంతొమ్మిది వేలు. భూపాలపల్లి నుంచి బండి కిరాయి నాలుగున్నర వేలు. నేను తిట్టి పోగొట్టుకున్న బుష్షులు పద్నాలుగు వందలు, వాటి కోసం టేకుమట్లకు ఇద్దరి రానుపోను, భోజనం తొమ్మిది వందలు. మోటారు కాయిల్, బెల్టు రెండు వేల తొమ్మిది వందల యాభై. వేప మొద్దులు, కోత కూలి రెండు వేల రెండు వందల యాభై. లక్క మూడు వందలు. పెద్దాయనకు అప్పుడిచ్చింది ఐదున్నర వేలు, ఇప్పుడిచ్చింది మూడు వేల మూడు వందలు. మానుకోట టికెట్టు ఇందులో కలపలేదు. అది తొట్టెల ఖర్చు కాదు, నా నోటి ఖర్చు. మిషను అమ్మితే పద్నాలుగు వేలు వస్తాయని తీసివేయనూ లేదు, అమ్మను కాబట్టి.

హనుమకొండలో ఎనిమిదిన్నర వేలకు వచ్చే తొట్టెల నాకు నలభై వేల నూరు రూపాయలకు పడింది. ఒకటే ధర.